హిందూపురమునకు తండ్రిపేరు నిల్పిన మురారిరావు

పెనుకొండ అనగా పెద్ద కొండ. ఆ కొండను ఒకసారి చూచినవారికి ఆ పేరునకు వేరే వ్యాఖ్యానము అక్కరలేదు. ధర్మవరము సంగతి అట్లు కాదు. అచ్చటి పెద్దచెరువును కట్టించిన క్రియాశక్తి ఒడయరు తన తల్లియైన ధర్మాంబ పేరు చిరకాలము నిలువవలెనని ఆ ఊరికి ఆమె పేరు పెట్టెనని పెద్దలు చెప్పుచు వచ్చిరి. ధర్మవరమునుండి పెనుకొండ మీదుగా దక్షిణముగా సాగినచో పెన్న పాఱు సీమలో మఱియొక ఊరు తగులును. తల్లి పేర ధర్మవరము వెలసినట్లే అది తండ్రి పేర వెలసినది. అదియే హిందూపురము.

హిందువుల ఊరు గనుక దానికి హిందూపురమను పేరు వచ్చినదని పలువురు తలంతురు. హిందువులును ముసల్మానులును ఇరుగుపొరుగుగా కాపురముండు ఊరికి, అందును చుట్టుపట్ల పల్లెలకు వేనికిని లేని ఆ పేరు దీనికి ఒక్కదానికే ఏల వచ్చెనని తర్కించువారు అరుదు. ఆ పేరులోని హిందూ శబ్దము ఒక మనుష్యుని పేరు. గుత్తిదుర్గమున కూర్చుండి ఈ సీమ నేలిన మహారాష్ట్ర నాయకుడు మురారిరావు తన తండ్రి హిందోజీరావు జ్ఞాపకార్థము ఈ ఊరిని నెలకొల్పి, ఆయన పేర పిలిపించెను. హిందోజీరావు పెద్ద చరిత్రగ్రంథములలో మెఱసిన పేరు కాదు. కుమారుడు ఊరు కట్టియుండనిచో ఈ సీమలో ఆ పేరు తెలిసినవాడు ఒక్కడును ఉండడు. కుమారుని పేరు మాత్రము ఆ కాలమున పూనానుండి తిరుచిరాపల్లి వఱకు తెలియని దర్బారు లేదు.

మురారిరావు ఇంటిపేరు ఘోర్పడే. మహారాష్ట్ర భాషలో ఘోర్పడ అనగా ఉడుము. ఈ వంశమువారు మొదట భోసలేలు. వారి పూర్వికుడొకడు ఎక్కరాని కోటగోడ నెక్కుటకై ఉడుము నడుమునకు త్రాడు కట్టి పైకి వదలెననియు, అది రాతిని కఱచిపట్టుకొనగా ఆ త్రాటి నాధారముగా గోడ దాటెననియు, నాటినుండి ఆ కుటుంబమునకు ఉడుము పేరే ఇంటిపేరైనదనియు కథ కలదు. కథ నిజమైనను కాకున్నను, ఉడుముపట్టు అనగా నేమో తెలుగువారికి వేరుగా చెప్పనక్కరలేదు. మురారిరావు జీవితమంతయు ఆ పట్టునకు నిదర్శనమే.

ఔరంగజేబు చక్రవర్తి దక్షిణాపథమున పాతిక సంవత్సరములు దండు విడిసి మహారాష్ట్రులను నిర్మూలింప జూచిన కాలమున, ఘోర్పడేలు ఛత్రపతి రాజారామునకు కుడిభుజమై నిలిచిరి. సంతాజీ ఘోర్పడే సేనాపతిగా మొగలాయి సర్దారులను గడగడలాడించెను. అతని సోదరుడు బహిర్జీకి రాజారాము హిందూరావు అను బిరుదమిచ్చెను. హిందోజీ, హిందూరావు అను పేళ్లు ఆ ఇంట వంశగౌరవముగా నిలిచినవి. అయినను ఆ గౌరవమునకు ప్రక్కనే ఒక గాయమును కలదు. దర్బారులోని అసూయల కారణమున సంతాజీ సేనాపతి పదవి పోగొట్టుకొని 1697లో స్వజనుల చేతనే హతుడయ్యెను. నాటినుండి ఘోర్పడేలు సతారా పూనాలతో అంటియంటనట్లు మెలగుచు, కృష్ణకు దక్షిణమున తమ బ్రదుకు తాము చూచుకొనసాగిరి. తండ్రితాతల పరాక్రమగాథలును, వారికి జరిగిన అన్యాయపు కథయు కలిసియే మురారిరావునకు ఉగ్గుపాలతో అబ్బినవి. పోయిన సేనాపతి పదవిని ఆయన కడవఱకును మఱవలేదు.

ఆయన మొదట లోకమునకు తెలియవచ్చినది తిరుచిరాపల్లిలో. 1740లో రఘూజీ భోసలే నాయకత్వమున మహారాష్ట్ర సేనలు కర్ణాటకముపై విఱుచుకొనిపడి, దామలచెరువు కనుమలో ఆర్కాటు నవాబు దోస్త్ అలీని సంహరించినవి. మఱుసటి సంవత్సరము మార్చిలో తిరుచిరాపల్లి దుర్గము వశమైనది. చందాసాహెబును బందీగా సతారాకు గొనిపోవుచు, ఆ దుర్గమును కాపాడుటకు మహారాష్ట్రులు నిలిపిన అధిపతి మురారిరావు. పదునాలుగువేల సేన ఆయన చేతిక్రింద నుండెను. రెండేండ్లకు పైగా అచ్చట అధికారము నెరపిన పిదప, 1743లో నిజాముల్ముల్కు స్వయముగా మహాసైన్యముతో వచ్చి ముట్టడించెను. సహాయము వచ్చు ఆశ లేదు. మురారిరావు వ్యర్థముగా పోరాడలేదు, బేరమాడెను. కోట వదలుటకు తగిన ధనమును, గుత్తి సీమపై తన అధికారమునకు నిజాము అంగీకారమును పొంది మరలిపోయెను. ఆయన వీరత్వమును పొగడువారు ఈ వర్తకనైపుణ్యమును దాచుట కలదు. దాచిన ఆయన స్వరూపము సగమే తెలియును. ఆయన కత్తికి ఎప్పుడును ఒక వెల యుండెను. ఆ వెలను ఆయనయే నిర్ణయించెడివాడు.

గుత్తి దుర్గము 1746 ప్రాంతమున ఆయన చేజిక్కెను. మైదానమునుండి దాదాపు వేయి అడుగులు లేచిన కొండయు, దాని చుట్టునున్న చిన్న గుట్టలును గోడలతో కలుపబడి, ఒకదాని వెనుక ఒకటిగా బురుజులు, వాకిళ్లు కలిగిన ఆ కోటను బలప్రయోగముతో పట్టుట అసాధ్యమని నాటివారు నమ్మిరి. కొండపై రాళ్లలో తొలిచిన నూతులును నీటిగుంటలును కలవు. వాననీరే వానికి ఆధారము. ఈ సంగతి పాఠకులు జ్ఞప్తియం దుంచుకొనవలెను.

ఆ దినములలో ఆర్కాటు నవాబుగిరికై మహమ్మదలీ ఒకవైపును, చందాసాహెబు మఱియొకవైపును పోరుచుండిరి. మొదటివానికి ఇంగ్లీషువారు, రెండవవానికి ఫ్రెంచివారు తోడు. మైసూరు సర్వాధికారి నంజరాజయ్య మహమ్మదలీకి సాయపడుటకు ఒప్పుకొని, మురారిరావు గుఱ్ఱపుదళమును జీతమునకు కుదుర్చుకొనెను. 1751లో క్లైవు అను యువకుడు పిడికెడు సైన్యముతో ఆర్కాటు కోటలో చిక్కుకొని యేబది దినములు ముట్టడి నెదిరించినప్పుడు, మురారిరావు ఆఱువేల రౌతులతో పడమటి కొండల దాపున విడిసి, గెలుపు ఎవరిదో తేలువఱకు కదలక కూర్చుండెను. ఇంగ్లీషువారు కోటీశ్వరులైన వర్తకులే గాని పోరగలవారని ఆయన అంతకుముందు తలంపలేదు. ఆర్కాటులోనివారి పట్టుదల వినిన పిమ్మట ఆ యభిప్రాయము మార్చుకొని, వారికి తోడ్పడుటకు సమ్మతించెను. ఆయన సేన కదలినదని వినియే శత్రువులు తొందరపడి కోటపై ఎగబ్రాకి, ఓడి, ముట్టడి విడిచిరి. తరువాత ఆరణి యుద్ధమున క్లైవు ప్రక్కన పోరినది మురారిరావు మేనల్లుని ఆధిపత్యములోని రౌతులు. ఇంగ్లీషువారి చరిత్రలలో ఆర్కాటు ఘట్టము క్లైవు కథగా వెలయును. గుత్తి రౌతుల కథయు అందులో కొంత కలదు.

ఆ రౌతులను గూర్చి ఒకమాట. ఐరోపావారి ఫిరంగులకును తుపాకులకును ఎదురునిలిచి పోరగల దేశీయాశ్వికులు నాడు అరుదు. మురారిరావు దండు అందులో మొదటిదని ఇంగ్లీషు చరిత్రకారులే వ్రాసిరి. అందుకు హేతువు ధైర్యమొక్కటే కాదు. కొల్లసొమ్ము పంచుకొనుటలో ఆయన తప్పని నియమము పాటించెను. నాయకులను ఏరి యేరి కూర్చుకొని, బంధువులవలె చూచెను. మహారాష్ట్రులతోపాటు యూనస్ ఖాను వంటి ముసల్మాను సర్దారులును ఆ దండున పెద్ద స్థానములందుండిరి. ఆ సేనయంతయు ఒక్క కుటుంబమువలె మెలగెను, ఇంటిపెద్ద మురారిరావు.

అయితే ఆ కుటుంబము ఇతరుల కుటుంబముల పంటపై బ్రదికినదన్న మాటయు మఱవరాదు. మహమ్మదలీ తిరుచిరాపల్లిని మైసూరువారికి ఇచ్చెదనని రహస్యముగా మాట యిచ్చి, పని తీరిన పిదప తప్పెను. మధ్యవర్తిగా కూర్చున్న మురారిరావు ఇరువురి మాటలు వినుచు, ఆ దుర్గము తనకే దక్కు మార్గము ఉన్నదేమో యని చూచెను. అది సాగకపోగా మైసూరువారితో గూడి ఫ్రెంచివారి పక్షమున చేరెను. మొన్నటివఱకు కాపాడిన ఇంగ్లీషువారిపై 1753లో కత్తి దూసెను. మఱుసటి యేట డబ్బు పుచ్చుకొని ఆ యుద్ధరంగమునే విడిచి గుత్తికి మరలెను. 1757లో ఆయన దండు అనంతపురముపై పడగా, అచ్చటి హండె పాళెగారు యేబదివేల రూపాయలిచ్చి ఊరిని కాపాడుకొనవలసివచ్చెను. ఆ యేబదివేలు ఎవరి గాదెలనుండి వచ్చెనో ఊహించుట కష్టము కాదు. ఈ సీమలో పల్లెపల్లెకును చిన్న కోటలును, కావలి బురుజులును కనబడుటకు ఇట్టి కాలమే కారణము.

గుత్తికి వచ్చిన పిదప మురారిరావు కోటను బాగుచేయించి దానిని స్థిరనివాసముగా చేసికొనెను. అంతవఱకు ఆయన బ్రదుకు జీనుమీద గడచినది. డేరాయే ఇల్లు, ఎవరు పిలిచిన వారి సీమయే ఊరు. ఇపుడు ఆయనకు సొంతమని చెప్పుకొనదగిన దేశము ఏర్పడెను. అది గుత్తినుండి దక్షిణమున పెనుకొండ, మడకశిర, కొడికొండ వఱకు వ్యాపించెను. 1756లో పీష్వా బాలాజీ బాజీరావు, నిజాము సేనతో బుస్సీ దొరను కూడి సావనూరుపై దండెత్తి ఆయనను కూడ అణప జూచినపుడు, మురారిరావు తన చాతుర్యముతోనే ఆ సీమను నిలుపుకొనెను. పూర్వము ఫ్రెంచివారు తనకు బాకీపడిన జీతములకై వ్రాసియిచ్చిన పత్రము ఆయనయొద్ద నుండెను. దానిని బుస్సీకి ఇచ్చివేసి, అందుకు మాఱుగా సంధిలో గుత్తిని దక్కించుకొనెను. రాని బాకీని విడిచి ఉన్న దుర్గమును నిలుపుకొనుట తెలివైన బేరమే.

ఇట్టి మనుష్యుడు పెన్నయేటి సీమలో ఒక ఊరు కట్టి తండ్రిపేరు పెట్టుట విశేషముగా తోచును. ఆయన తలచినచో తన పేరే పెట్టుకొనవచ్చును. నాటి నాయకులు పలువురు అట్లే చేసిరి. ఏదేని దుర్గమునకు బురుజు కట్టించి దానికి తండ్రిపేరు పెట్టినను సరిపోయెడిది. కాని బురుజు యుద్ధమునకు సంబంధించినది. శత్రువు పట్టినచో పేరు మార్చును. ఊరు అట్లు కాదు. సంతకు వచ్చువాడును, బండి తోలువాడును, పిల్లనిచ్చువాడును ఆ పేరు పలుకకతప్పదు. నంది కొండలలో పుట్టిన పెన్న పాఱు నేల అది. మైసూరు సీమకును తెలుగు సీమకును నడుమ దారి. వర్తకమునకు అంతకంటె తగిన తావు ఆ ప్రాంతమున దొరకదు. దోచుటలో దిట్టయని పేరుపడినవాడు కొనుటకును అమ్ముటకును ఊరు కట్టుటలో ఆయన స్వభావపు మఱియొక ముఖము తెలియుచున్నది. తండ్రికి జీవితకాలమున ఒకచోట నిలువ నీడ దొరకలేదు. గుఱ్ఱములపై తిరిగిన ఆ తరమువారికి ఎవరికిని దొరకలేదు. ఆ లోటును కుమారుడు ఊరితో పూడ్చెను.

ఆ ఊరినుండి కూతవేటు దూరముననే ఆయన శత్రువు పెరుగుచుండెను. తిరుచిరాపల్లి యుద్ధములో నంజరాజయ్య సేనయందు ఒక చిన్న నాయకుడుండెను, పేరు హైదరు. మురారిరావు మహారాష్ట్ర దండునకు అధిపతియై మైసూరువారి సరసన విడిసియున్నపుడు ఆ హైదరు అదే శిబిరమున మెట్టు మెట్టుగా పైకి వచ్చుచుండెను. పదేండ్లు తిరుగకుండ అతడే మైసూరు రాజ్యమునకు సర్వాధిపతి అయ్యెను. 1762లో చిక్కబళ్ళాపురము పాళెగారునకు తోడుగా మురారిరావు పోగా, హైదరు ఆయనను ఓడించి తఱిమి, కొడికొండను, పెనుకొండను, మడకశిరను లాగుకొనెను. తండ్రిపేరి ఊరికి చుట్టునున్న దుర్గములన్నియు ఒక్క యేటనే శత్రువు పాలయ్యెను. విజయనగర చక్రవర్తులకు తళ్ళికోట యుద్ధానంతరము రాజధానియై నిలిచిన పెనుకొండ చేజాఱుట ఆయనకు మానని గాయమై యుండును. అటుపిమ్మటి పదునాలుగేండ్లును ఆయన హైదరునకు విరోధియైన ప్రతివానికి మిత్రుడయ్యెను.

పూనాలో పీష్వాయైన మాధవరావు చిన్నవాడయ్యును దూరదృష్టి కలవాడు. మురారిరావును శత్రువుగా నుంచుటకంటె తనవానిగా చేసికొనుట మేలని గ్రహించి, 1764 ప్రాంతమున హైదరుపై దండెత్తినపుడు ఆయనకు సేనాపతి పదవిని తిరిగి యిచ్చెను. సంతాజీ పోగొట్టుకొని, ఆ పదవికై ప్రాణము కూడ కోల్పోయిన దాదాపు డెబ్బది సంవత్సరములకు అది ఘోర్పడేల ఇంటికి మరలివచ్చెను. లక్షలకు కత్తిని అమ్మిన మురారిరావు అటుతరువాత మహారాష్ట్రుల పక్షము విడువలేదు. డబ్బుతో కొనరానిది ఆయనకును ఒకటి కలదని దీనివలన తెలియును.

హొసకోట రాత్రి కథ చెప్పక ఆయన చరిత్ర పూర్తికాదు. 1768లో ఇంగ్లీషువారికిని హైదరునకును యుద్ధము జరుగుచుండగా, కర్నల్ స్మిత్తు సేనకు తోడుగా మురారిరావు తన రౌతులతో హొసకోటయొద్ద విడిసియుండెను. ఆయన డేరాలు ఇంగ్లీషు శిబిరమునకు ఒకింత యెడముగా నుండెను. హైదరు ఆ యెడమును కనిపెట్టి, ఆగస్టులో ఒకనాటి రాత్రి గుఱ్ఱపుదళమును మురారిరావుపై మాత్రమే పురికొల్పెను. చీకటిలో గుఱ్ఱముపై ఉన్నవాడు మనవాడో పగవాడో తెలియదు. ముసలినాయకుడు క్షణములో ఉపాయము కనిపెట్టెను. తన రౌతులలో ఒక్కడును గుఱ్ఱమెక్కరాదనియు, ఎవరి గుఱ్ఱము ప్రక్కన వారు నేలపైననే నిలిచి పోరవలెననియు, గుఱ్ఱముపై కనబడిన ప్రతివాడును శత్రువేయనియు ఆజ్ఞాపించెను. వచ్చినవారి గుఱ్ఱములు డేరాల త్రాళ్లకు చిక్కుకొని తడబడినవి. ఇంతలో మురారిరావు పట్టపుటేనుగు గాయపడి, కట్టుకొయ్యను పెఱికికొని, తన కాలిగొలుసును తొండముతో నెత్తి కుడియెడమలకు త్రిప్పుచు శత్రువుల గుంపులోనికి చొచ్చుకొనిపోయెను. ఆ గొలుసు దెబ్బలకు తాళలేక పరుగెత్తిన గుఱ్ఱములు వెనుకనున్న హైదరు కాలిబంటులపైననే పడి వారిని కూడ చెదరగొట్టినవి. ఇంగ్లీషువారు వచ్చి చేరులోపల పోరు ముగిసెను. గుత్తి సీమలో ఆ యేనుగు కథ తాతలు మనుమలకు చెప్పదగిన కథ.

1772లో మాధవరావు పీష్వా అకాలమరణము నొందెను. మఱుసటి సంవత్సరము అతని తమ్ముడు నారాయణరావు హత్యకు గుఱియయ్యెను. పూనా సర్దారులు రెండు పక్షములై చీలి, ఇంగ్లీషువారితో కూడ కలహమున దిగిరి. దక్షిణమున ఏమి జరుగుచున్నదో చూచువారు లేరు. ఇదియే అదనని హైదరు ఉత్తరముగా కదలెను. 1775లో బళ్ళారి కోటను మెఱుపువలె పట్టి, అచ్చటినుండి గుత్తిపైకి తిరిగెను. తనకు లోబడి యుండుమని కోరగా, సేనాపతి బిరుదము ధరించిన ఘోర్పడే ఒకనాటి మైసూరు నాయకునికి తల వంచలేదు.

ముట్టడి మొదలయ్యెను. కొన్ని వారములలో పేటయు, దిగువకోటయు హైదరు వశమైనవి. అచ్చటి జనమును, పశువులును, గుఱ్ఱములును ప్రాణభీతితో ఎగువకోటలోనికి చేరినవి. పొమ్మని గెంటివేయుటకు మురారిరావునకు చేతులు రాలేదో, లేక సమయము చిక్కలేదో, కొండపైని నూతులపై ఆ భారమంతయు పడెను. ఫిరంగులకు లొంగని కొండ దప్పికకు లొంగసాగెను. నెలలు గడచినవి. పూనాకు వ్రాసిన కమ్మలకు సేనలు రాలేదు. వానకాలము దూరమున నున్నది. ఫిబ్రవరి దాటినచో గుత్తి రాళ్లు ఎట్లు కాగునో ఈ ప్రాంతమువారికి తెలియనిది కాదు.

తుదకు సంధిమాటలు నడచినవి. పండ్రెండు లక్షల రూపాయలిచ్చినచో ముట్టడి విడిచిపోవుటకు హైదరు సమ్మతించెను. నాణెములు, వెండిసామానులు, నగలు కూర్చి ఎనిమిది లక్షల విలువ చెల్లించి, మిగిలినదానికి పూచీగా తన సర్దారు యూనస్ ఖాను కుమారుని మురారిరావు హైదరు శిబిరమునకు పంపెను. హైదరు ఆ పడుచువానిని ఆదరించి, విందులో దాపున కూర్చుండబెట్టుకొని, అతని తండ్రి పరాక్రమమును, గుత్తివారి ధైర్యమును మెచ్చుకొనెను. పొగడ్తకు పొంగిన యువకుడు నీరు కరవగుటచేత గాని లేకున్న తమ కోట లొంగునదియే కాదనియు, ఇంక మూడు దినములకు మాత్రమే నీరున్నదనియు బయటపెట్టెను. ఆ మాటతో సంధి ముగిసినది. నగల విలువ చాలదను నెపము పెట్టి హైదరు ఒడంబడిక త్రోసిపుచ్చి, మరల దిగ్బంధము చేసి, చేతులు ముడుచుకొని కూర్చుండెను. నాలుగవనాడు తుపాకి పేల్చవలసిన పనియే లేకపోయెను. 1776 మార్చిలో గుత్తి తలుపులు తెఱువబడినవి.

పూచీగా పోయిన ఆ పడుచువానిని నిందించుట సులభము. అతడు అబద్ధమాడలేదు, ద్రోహము తలపెట్టలేదు. తన ఏలిక కోటను గూర్చి గర్వముగా మాటలాడెను, అంతియే. ముప్పది సంవత్సరములకు పైగా దర్బారులలో ఒక్కమాట జాఱకుండ బేరములాడిన మురారిరావు ఇల్లు, ఇంకను మీసము నల్లబడని వాని నోటిమాటచే కూలుట విధివిలాసము.

బందీయైన మురారిరావును మొదట శ్రీరంగపట్టణమునకు, పిమ్మట కనకపుర ప్రాంతమునందలి కబ్బాళదుర్గమునకు పంపిరి. ఆ కొండ కారాగారముగా పేరుమోసినది. అచ్చటి నీరు త్రాగినవాడు బహుకాలము బ్రదుకడని నాడు చెప్పుకొనెడివారు. నీరు లేక కోట పోగొట్టుకొన్న వృద్ధుడు, చెడ్డనీరు గల కొండపై కొలది కాలముననే కన్నుమూసెను. కుమారులు వంశము నిలుపలేకపోయిరి. ఘోర్పడేల పాలన ఆ పిమ్మట బళ్ళారి సీమలోని సండూరున మిగిలి, చిన్న సంస్థానముగా సాగి, 1949లో భారతదేశమున విలీనమయ్యెను.

గుత్తి సీమ హైదరు నుండి టిప్పునకు, 1800లో దత్తమండలములలో చేరి కుంఫిణీకి సంక్రమించెను. ఆ మండలములకు మొదటి కలెక్టరైన మన్రో దొర 1827లో పత్తికొండలో మరణింపగా మొదట గుత్తిలోనే ఖననము చేసిరి. తరువాత మద్రాసునకు గొనిపోయిరి. గుత్తిని దుర్గరాజముగా చేసిన మురారిరావునకు మాత్రము ఆ కొండపై కన్నుమూయు అదృష్టము కలుగలేదు.

హిందూపురము మాత్రము పెరిగెను. దండులు వచ్చినవి, పోయినవి, సంత ఆగలేదు. పందొమ్మిదవ శతాబ్దపు చివరను గుంతకల్లు బెంగుళూరు రైలుదారి ఆ ఊరి మీదుగా పడిన పిదప బెల్లమునకు, చింతపండునకు, మిరపకాయలకు అది దూరదేశములలో కూడ పేరొందిన విపణియయ్యెను. హైదరు పెనుకొండను గెలిచెను గాని ఆ ఊరిపేరు మార్చలేదు, టిప్పు మార్చలేదు, ఇంగ్లీషువారు తమ కాగితములపై దానినే వ్రాసికొనిరి. 2022 ఏప్రిల్‌లో అనంతపురము జిల్లాను విభజించి పుట్టపర్తి ముఖ్యస్థానముగా కొత్త జిల్లా ఏర్పఱచినప్పుడు ధర్మవరము, పెనుకొండ, హిందూపురము మూడును అందులో చేరినవి.

గుత్తి కోటపై ఒక బురుజు అంచున సున్నముతో కట్టిన చిన్న మంటపమొకటి కలదు. దానిని మురారిరావు గద్దె అందురు. ఆయన సాయంకాలములందు అచ్చట కూర్చుండి చదరంగమాడెడివాడనియు, శిక్షపడిన ఖైదీలను ఎదుటి శిఖరమునుండి త్రోయించుచు చూచెడివాడనియు చెప్పుదురు. రెండుమాటలును ఆ మనుష్యునకు సరిపోవునవే. మంటపమున నిలిచి దక్షిణమునకు చూచినచో ఎఱ్ఱనేలలు, గుట్టలు, వాని నడుమ చెరువుగట్లు కనబడును. హిందూపురము అంతదూరమునుండి కనబడదు.